తల లేని తూటాలు

క్వేతా రిఖ్లాకు డెబ్బై నిండబోతున్నాయన్న సంగతి ఆమెకంటే ముందు మా తుపాకీ క్లబ్బుకు గుర్తొచ్చింది. పుట్టినరోజు ఆమెది, బొమ్మపలక మాది. మాలో ఎవరికైనా యాభయ్యో అరవయ్యో డెబ్బయ్యో నిండితే లిండెన్ చెక్కను పెద్ద పళ్ళెమంత గుండ్రంగా కోసి, ఆ మనిషి జీవితంలోంచి ఒక ముచ్చటను దాని మీద బొమ్మగా వేయిస్తాం. అది మెచ్చుకునే బొమ్మ కాదు, ఏడిపించే బొమ్మ. పుట్టినరోజున ఒక్కొక్కరం దాని మీద ఒక్కటే గుండు కాలుస్తాం. నడిమి చుక్కకు ఎవరిది దగ్గరగా పడితే పలక వాళ్ళింటి గోడకెక్కుతుంది. పుట్టినరోజు మనిషికి కూడా ఒక గుండు ఉంటుంది, అందరికంటే చివర. చేతకాకపోతే తన బదులు ఇంకొకరిని కాల్చమనవచ్చు.

ఊరి చివర పాడుబడ్డ రాతిగని గుంటే మా రేంజ్. నేను అక్కడ పెద్దగా కాల్చను. చాలా ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసి, పదవీ విరమణ చేశాక సూప్ కోసమూ మాటల కోసమూ వెళ్ళి, వెనక బల్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. నాకు గెలిచే ఆశ లేదు కాబట్టి కొలతలు తీసే పని నాకు అప్పగించారు.

రిఖ్లా అంటే మా భాషలో చురుకైనదని అర్థం. క్వేతా మా అందరిలోకీ నిదానం. పిస్తోలు ఎత్తి గురి పెట్టిందంటే ఆలుగడ్డలు పొయ్యి మీద పెట్టుకోవచ్చని మా క్లబ్బు బొహుమీర్ అంటాడు. తొందర ఎందుకని ఆమె అడుగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఊళ్ళో గుండీల కార్ఖానాలో ముత్యపు చిప్పలోంచి గుండీలు కోసిన మనిషి. తొందరపడితే చిప్ప పగులుతుంది. ఆ నిదానం అక్కడ అలవాటైంది. భర్త మిలోస్లావ్ చనిపోయిన ఏడు, క్లబ్బులో ఆయన పెట్టె తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఇచ్చేసి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పోయేముందు నేనూ ఒకటి కాల్చి చూడనా?" అని అడిగింది. ఆ తర్వాత ఆ తాళంచెవి మళ్ళీ ఆమె సంచీలోకే వెళ్ళింది. రెండేళ్ళు తిరగకుండా క్లబ్బు పట్టికలో మగవాళ్ళ పేర్లన్నీ ఆమె పేరు కిందికి దిగాయి.

ఈ మధ్య అది మారింది. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. గుండీల యంత్రం పిడి తిప్పి తిప్పి అరిగిందని వైద్యుడన్నాడు. మా ఊళ్ళో అందరూ కాల్చేది తొమ్మిది, అంటే తొమ్మిది మిల్లీమీటర్ల తూటా. పిస్తోలు అంటే తొమ్మిదే, ఇంకో కొలత ఎవరికీ పట్టదు. ఆ తొమ్మిది పేలినప్పుడల్లా ఆమె బొటనవేలిలో సూది దిగినట్టుండేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె గుండ్లు మాత్రం కిందికీ పక్కకూ పోతూ ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి.

బీరు కొట్టు నడిపే బొహుమీర్ దాన్ని కనిపెట్టాడు. అతనికి అరవై దగ్గర పడుతున్నా క్వేతా కళ్ళకు ఇంకా పక్కింటి పిల్లవాడే. గోడ నిండా ఇతరుల బొమ్మపలకలు గెలిచి పెట్టుకున్నాడు. క్షౌరశాల యజమానిది ఉంది, పశువుల డాక్టరుగా పనిచేసే మా జోరాది ఉంది. తాగడానికి వచ్చినవాళ్ళు తమ బతుకు బొమ్మ కింద కూర్చుని తాగాల్సి వస్తుంది.

"క్వేతుష్కా," అన్నాడు ఒక శనివారం, సూప్ గిన్నె ఆమె ముందు పెడుతూ, "నీ పలకకి చోటు చూసి పెట్టాను. ఎక్కడో తెలుసా? మరుగుదొడ్ల తలుపులు రెండున్నాయి చూడు, వాటి మధ్యన. ఊరంతా రోజుకి రెండుసార్లు నీకు దండం పెట్టుకుని లోపలికెళ్తారు."

"ఒరే బొహుష్, ముందు గెలువు."

"గెలవకపోవడానికి నాకేం అడ్డు? నువ్వా? నీ గుండు చూశాంగా పోయిన వారం. కాగితం వదిలేసి రాయిని కొట్టావు. ఆ రాయి ఏం పాపం చేసిందో!"

అందరూ నవ్వారు. క్వేతా కూడా నవ్వింది. చెంచా మాత్రం ఎడమచేత్తో పట్టుకుని తింటోంది. నా ఎదురుగా కూర్చున్న జోరా నాకంటే ముందు అది చూసింది.

ఇంటికి వెళ్ళే దారిలో క్వేతా, జోరా, నేను కలిసి నడుస్తుంటే క్వేతా నాతో చెప్పేసింది. "లోయ్జా, నా బదులు జోరాని కాల్చమందామనుకుంటున్నా. అది గెలిస్తే పలక నాకిచ్చేస్తుంది. ఇవ్వవూ జోరా?"

"ఇస్తాను," అంది జోరా. "కానీ మీకు అది కావాలా?"

"వద్దు," అంది క్వేతా. "మిలోస్లావ్ పలక ఎవడో గెలిచి ఊరు మారి పట్టుకుపోయాడు. ఇప్పుడు ఏ గోడ మీదుందో తెలీదు. నాది నాకు కావాలి. ఎవరో తెచ్చి చేతిలో పెడితే కాదు. ఈ చేత్తోనే గెలవాలి." అని ఆ చేతిని కోటు జేబులోంచి తీసి, ఏదో తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూసింది.

"అయితే ముప్పై రెండు కాల్చి చూడండి," అంది జోరా.

జోరా దగ్గర పందేలకు కాల్చే పాత పిస్తోలు ఒకటుంది. దాని కొలత అంగుళంలో వందో వంతుల లెక్కన ముప్పై రెండు, అంటే తొమ్మిది కంటే సన్నం, తూటా కాస్త పొడుగు. మా దగ్గర అది ఎవరూ వాడరు. ఆ పిస్తోలు మెత్తగా కాలుస్తుందనీ, పిల్లిని ఎత్తుకున్నంత కూడా చేతికి తెలియదనీ చెప్పింది. తూటాలే ఊళ్ళో దొరకవు. క్లబ్బు పేరున జిల్లా పట్నం వెళ్ళి తూటాలు కొనుక్కొచ్చేది బొహుమీరే.

"వాడా తెచ్చేది!" అంది క్వేతా. "ఇంకేం, గులకరాళ్ళు తెస్తాడు."

బొహుమీర్ తెచ్చాడు. పెట్టె బల్ల మీద పెట్టి, దుకాణంవాడు ఇది ఎవరికని అడిగితే మా ఊరి ముసలమ్మ ఈగలను కొడుతుందని చెప్పానన్నాడు. జోరా పెట్టె తెరిచి ఒక తూటా తీసి చూసింది. పొట్టిగా, ముందు గుండ్రటి తలతో ఉంది. పిస్తోలు మ్యాగజీన్‌లో పెట్టబోతే అది కూర్చోనే లేదు.

"ఇది కాదు," అంది.

"ముప్పై రెండే కదా అడిగావు? పెట్టె మీద చూడు, ముప్పై రెండు!"

"ఇది పాత పోలీసు పిస్తోలుది. దాన్నీ ముప్పై రెండే అంటారు. పొడుగుదని చెప్పానుగా."

"పొడుగూ పొట్టీ నాకేం తెలుసు! మా నాన్న కాలం నుంచి ముప్పై రెండంటే ఇదే."

వెనక బల్ల దగ్గర ఎవరో ఈల వేశారు. ఇంకెవరో, "బొహుమీర్, మరుగుదొడ్ల మధ్య మేకు కూడా కొట్టేశావా?" అని అరిచారు. బొహుమీర్ మొహం ఎర్రబడింది. ఎంత ఏడిపించేవాడైనా ఆ మాట అతనికి తగిలింది.

"చూడు క్వేతుష్కా, నేను కావాలని చెయ్యలేదు."

"తెలుసులేరా."

"తెలుసంటే కాదు. నువ్వు కాల్చకుండా నేను గెలిస్తే అది గెలుపా? చెప్పు!" అని టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కొట్టుకు తాళం వేసి మళ్ళీ పట్నం వెళ్ళాడు. ఆదివారం పగటిపూట అతని కొట్టు మూసి ఉండడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. చర్చి నుంచి తిన్నగా అక్కడికి వచ్చే పెద్దమనుషులు తలుపు ముందు నిలబడి, ఎవరైనా పోయారా అని ఒకరినొకరు అడిగారట.

ఈసారి తెచ్చినవి సరైనవే. పెట్టె తెరిచి అందరం వంగి చూశాం. వాటికి తలలు లేవు. మామూలు తూటాకు ఇత్తడి గొట్టం ముందు గుండు మొన తేలి ఉంటుంది. వీటిలో సీసపు గుండు గొట్టంలోకి పూర్తిగా మునిగి, పైన చదునుగా కోసేసినట్టుంది.

"ఎవరు కొరికేశారు వీటిని?" అన్నాడు బొహుమీర్.

"మా అత్తగారి లిప్‌స్టిక్ ఇలాగే ఉండేది," అంది క్వేతా. "చివరి దాకా గీకి గీకి పూసుకునేది."

ఆ రోజు ఎండ బాగా కాసింది. గని గుంటలో గాలి లేదు. క్వేతా చెవులకు మూతలు పెట్టుకుని, కాళ్ళు సర్దుకుని, పిస్తోలు ఎత్తింది. ఎప్పటిలాగే మేం వేచి ఉన్నాం. బొహుమీర్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని గురక పెట్టినట్టు నటించాడు. చాలాసేపటికి చిన్న చప్పుడైంది, సీసా మూత తీసినట్టు.

క్వేతా పిస్తోలు ముందుకే పట్టుకుని నిలబడింది. "పేలలేదు," అంది.

"పేలింది," అంది జోరా.

"ఏమిటీ?" చెవుల మూతలు ఉన్నాయి కదా, గట్టిగా అరిచింది. "పేలలేదు! చెడిపోయిన తూటా!"

"పేలిందండీ!" జోరా కూడా అరిచింది. "గొట్టం చూడండి, బల్ల మీద దొర్లుతోంది!"

క్వేతా బల్ల మీది ఖాళీ గొట్టాన్ని చూసింది, తన చేతిని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అంత గట్టిగా నవ్వడం చాలా రోజులకు విన్నాను. పిస్తోలు బల్ల మీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వింది. నొప్పి వస్తుందని పళ్ళు బిగించి సిద్ధమైన మనిషికి ఆ నొప్పి రాకపోతే ఎలా ఉంటుందో ఆ నవ్వులో తెలిసింది.

కాగితం మీద చూస్తే గుండు బాగా కిందకు పడింది. కన్నం మాత్రం చూడముచ్చటగా ఉంది. తొమ్మిది పడితే కాగితం చిరిగి అంచులు పీలికలవుతాయి. ఇది ఎవరో అచ్చుతో కోసినట్టు గుండ్రంగా, శుభ్రంగా ఉంది. క్వేతా దాని అంచు వేలితో తడిమి, "గుండీ కోసినట్టుంది," అంది.

మిగతావీ కిందికే పడ్డాయి. బొహుమీర్‌కు ధైర్యం వచ్చి, "ముద్దొచ్చే కన్నాలే, కాకపోతే పక్క ఊళ్ళో పడుతున్నాయి," అన్నాడు. జోరా అతణ్ణి పట్టించుకోలేదు. మ్యాగజీన్ తనే నింపి ఇచ్చింది. అందులో పేలిన ఖాళీ గొట్టం ఒకటి కలిపిందని క్వేతాకు తెలియదు. ఆ గొట్టం వంతు వచ్చి ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఏదీ పేలలేదు. అయినా పిస్తోలు మూతి మాత్రం తలవంచి నమస్కారం పెట్టినట్టు కిందికి ఊగింది. మేమంతా చూశాం. క్వేతా అందరికంటే బాగా చూసింది.

"ఇదా!" అంది నెమ్మదిగా. "నొప్పి రాకముందే చెయ్యి భయపడుతోంది."

"తొమ్మిది నేర్పిన భయం అది," అంది జోరా. "రాదని దానికి ఇంకా తెలీదు. మీరే చెప్పాలి."

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. పుస్తకం తెరిచి కూర్చున్నానే గాని ఒక్క పేజీ తిప్పలేదు. ఎన్ని నొప్పుల గురించి మన చేతులు ఇలా ముందే ఊగుతాయో, అవి ఇక రావని ఎవరు కూర్చుని చెబుతారో అనుకున్నాను. క్వేతా చెప్పింది. ట్రిగ్గర్ నొక్కే ముందు పెదవులు కదిలేవి. ఏమంటున్నావని తర్వాత అడిగితే, "ఏం లేదు, 'నీకేం కాదే పిచ్చిదానా' అంటున్నా, చేతితో," అంది.

ఆ వారం ఆమె రోజూ వచ్చింది. రెండో రోజుకు గుండ్లు నల్ల వలయంలోకి ఎక్కాయి. ఆ తర్వాత ఒకసారి మూడు కన్నాలు ఒకదాన్నొకటి తాకుతూ మూడాకుల్లా పడితే, ఆ కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. తూటాలు అయిపోతున్నాయని జోరా చెబితే తప్ప ఆగేది కాదు. తాయిలం పెట్టె మూత వెయ్యమంటే పిల్లలు చూసే చూపు చూసింది.

పుట్టినరోజు నాడు రేంజ్ ముందు పొడవాటి బల్లలు వేశాం. గసగసాల కొలాచ్ రొట్టెలు, గూలాష్ మాంసం కూర, ఊరగాయ దోసకాయలు ఒక పక్కన ఉన్నాయి. బీరు పీపా మాత్రం పిస్తోళ్ళన్నీ లోపల పెట్టి తాళం వేశాకే తెరుస్తాం. పలక మీది గుడ్డ తీయగానే గని గుంట అంతా నవ్వులతో మోగింది. క్వేతా లాగే జుట్టు ముడి వేసుకున్న నత్త ఒకటి పిస్తోలు గురిపెట్టి ఉంది. పక్కన వరుసగా నిలబడ్డ మగవాళ్ళకు గడ్డాలు నేల దాకా పెరిగాయి, ఒకడి గడ్డంలో పిచ్చుక గూడు కట్టింది. నడిమి చుక్క నత్త గుల్ల మీద ఉంది.

"ఆ పిచ్చుకవాణ్ణి నేనేనా?" అన్నాడు బొహుమీర్.

"పిచ్చుక నువ్వు," అంది క్వేతా. "నోరు తెరుచుకుని ఉంది చూడు."

ఒకరి తర్వాత ఒకరు కాల్చారు. ఒక్కో గుండు తర్వాత పిస్తోళ్ళు కింద పెట్టించి, నేను వెళ్ళి కన్నం పక్కన పెన్సిల్‌తో పేరు రాసి వచ్చేవాణ్ణి. జోరా గుండు నత్త తోకకు తగిలింది. బొహుమీర్ తన తొమ్మిదితో కాల్చాడు. చుక్కకు కుడిపక్కన, వేలెడు దూరం కూడా లేదు. చెక్క చీలి పేళ్ళు లేచాయి. అతను టోపీ తీసి నాలుగు దిక్కులకూ వంగి దండం పెట్టి, మరుగుదొడ్లకు దారి ఎటో ఎవరికో చూపించాడు.

చివరికి క్వేతా వచ్చింది. పిస్తోలు ఎత్తింది. ఎవరూ గురక నటించలేదు. పెదవులు కదిలాయి. చిన్న చప్పుడైంది.

నేను వెళ్ళి చూశాను. కొత్త కన్నం లేదు. చుక్క చుట్టూ చూశాను, నత్త కొమ్ముల దగ్గర చూశాను, గడ్డాల్లో చూశాను. పలక వెనక మట్టికట్టను కూడా చూశాను, అందులో పాత గుండ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. వెనక్కి తిరిగేసరికి అందరి చూపూ నా మీదే ఉంది. ఆమె చూపు కూడా. "పలక మీద పడలేదు క్వేతా," అన్నాను.

ఆమె తల ఊపింది. పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది. "ఊగలేదే," అంది జోరాతో, మెల్లగా. "ఈసారి నిజంగా ఊగలేదు."

బొహుమీర్ పలక విప్పుకోవడానికి ఈల వేసుకుంటూ వచ్చాడు. తన కన్నాన్ని మురిపెంగా చూసుకోవడానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాడు. ఈల ఆగిపోయింది.

"లోయ్జా, ఇది నా కన్నం కాదు."

"పక్కన నీ పేరే ఉందిగా, నేనే రాశాను."

"పేరు నాదే. కన్నం ఇంత పెద్దది కాదు. నాది పేళ్ళు పేళ్ళుగా ఉండాలి. ఇటు చూడు, కుడిపక్క పేళ్ళున్నాయి. ఎడమపక్క ఎవరు నునుపు చేశారు?"

కళ్ళద్దాలు తుడుచుకుని వంగాను. అతని కన్నానికి చుక్క వైపు అంచు నిజంగానే నున్నగా, నెలవంకలా తెగి ఉంది. బిస్కట్టును అచ్చుతో కోసినట్టుంది. గుండ్రటి తల గుండు చెక్కను అలా కొయ్యదు. జోరా పరుగున వచ్చి, సంచీలోంచి విడి సీసపు గుండు ఒకటి తీసి బొహుమీర్ చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆ వంపులోకి ఆనించాడు. సరిగ్గా కూర్చుంది. దాని మధ్యభాగం చుక్కకు ఎంత దగ్గరగా ఉందో కొలబద్ద లేకుండానే తెలుస్తోంది. అయినా కొలిచాను, నా పని కదా. రెండుసార్లు కొలిచాను.

బొహుమీర్ వెనక్కి తిరిగి, గుంట మారుమోగేలా అరిచాడు. "ఒసే నత్తా! నా కన్నంలోంచే దూరావే!"

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల మూతలు ఇంకా తీయలేదని గుర్తొచ్చి, తీసి, "ఏమన్నావ్? మళ్ళీ చెప్పు," అంది.

"నువ్వు గెలిచావన్నా!"

"ఇంకోసారి."

"నువ్వు గెలిచావే క్వేతుష్కా!"

ఆమె మూడోసారి కూడా అడిగేది, కానీ అందరూ మీద పడి కావలించుకున్నారు. పిస్తోళ్ళకు తాళం పడింది, పీపా తెరుచుకుంది. బొహుమీర్ మొదటి గ్లాసు ఆమెకు ఇచ్చి, తన ఓటమిని తనే కనిపెట్టి చూపించిన మొగాణ్ణి ఎక్కడైనా చూశారా అని సాయంత్రం దాకా కనిపించినవాళ్ళందరినీ అడిగాడు. అడిగిన ప్రతిసారీ అతని నవ్వు ఇంకొంచెం పెద్దదైంది.

మర్నాడు పలక మోయడానికి సాయంగా వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో పొయ్యికి ఎదురుగోడ మీద చోటు చూసి పెట్టుకుంది. మేకు నేను కొడతానంటే సుత్తి ఇవ్వలేదు. మొదటి మేకు వంగిపోయింది. రెండోది వంకర పోయింది. "గోడదే తప్పు," అంది నిదానంగా మూడోది అందుకుంటూ. నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను.